మత్తు డాక్టరుగారి క్యాలెండరు

ఆ రోజుల్లో నిజామాబాద్‌లో ఆపరేషన్లు చేసే డాక్టర్లు చాలామందే ఉండేవారు. మత్తు ఇచ్చే డాక్టర్లు మాత్రం తక్కువ. ఒక్కొక్కరు మూడు నాలుగు నర్సింగ్ హోములకు తిరిగేవారు. నేను చెప్పబోయే డాక్టరుగారు నాలుగు చోట్లకు వెళ్లేవారు. మూడు ఊళ్లోనే, ఖలీల్‌వాడి సందుల్లో, నాలుగోది బోధన్‌లో. వాళ్ల నాన్నగారు కోస్తా నుంచి వచ్చి బోధన్ పక్కన కాలువ కింద పొలం కొన్నారట. డాక్టరుగారు ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి భాష మాత్రం మారలేదు. ఎప్పుడు చూసినా ఆయన చెవికి ఫోను ఉండేది. బండి నడుపుతూ మాట్లాడేవారు, చేతులు కడుక్కుంటూ భుజానికీ చెంపకీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడేవారు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఖాళీయా, పదింటికి రాగలరా, తొమ్మిదికి చెప్పిన కేసు పదకొండుకు మారిస్తే కుదురుతుందా, ఇవే మాటలు.

నేను ఖలీల్‌వాడిలోనే ఒక కంప్యూటర్ల దుకాణంలో పనిచేసేదాన్ని. ముప్పై దాటాయి. ఇంట్లో నేనూ, బీడీలు చుట్టే మా అవ్వా. దుకాణం యజమానిని అందరం అన్న అనేవాళ్లం. అన్న నర్సింగ్ హోములకు కంప్యూటర్లు అమ్మేవాడు. అవి పాడైతే వెళ్లి బాగుచేయడం నా పని.

ఒకరోజు నేను ఒక నర్సింగ్ హోములో ప్రింటర్ సరిచేస్తుంటే డాక్టరుగారు వచ్చి పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆయన చేతిలో చిన్న డైరీ ఉంది. పేజీల నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు.

"ఏమ్మా, ఈ డైరీ నాలుగు చోట్లా ఒకేసారి కనబడేలా చెయ్యగలవా? నాకు ఎప్పుడు ఖాళీయో వాళ్లే చూసుకుని వాళ్లే రాసుకోవాలి. నాకు ఫోన్లు రాకూడదు. ఎత్తి ఎత్తి విసుగొచ్చేసిందమ్మా."

చూస్తానన్నాను. నాలుగు చోట్లా నాలుగు రకాల కంప్యూటర్లు, వాటిలో వేరువేరు సాఫ్ట్‌వేర్లు. డాక్టరుగారి ఫోన్‌ది ఇంకో దారి. వెతగ్గా వెతగ్గా ఒక పద్ధతి దొరికింది. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. తేదీలు, సమయాలు, ఫోన్ నంబర్లు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఎలా రాసి పంపాలో చెప్పే నియమాలు, ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. వాటిని పాటించే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, అందరూ ఒకే క్యాలెండరును చూడవచ్చు, అందులో రాయవచ్చు. దుకాణంలో మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటరును తుడిచి, అందులో ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేర్ వేసి, దాన్నే అందరి క్యాలెండరుకూ, అందరి ఫోన్ నంబర్ల లిస్టుకూ ఇల్లు చేశాను. నాలుగు నర్సింగ్ హోములూ, డాక్టరుగారి ఫోనూ అక్కడికే వచ్చి చూసుకుని పోతాయి. మొదటిసారి బోధన్‌లో రాసిన కేసు ఖలీల్‌వాడిలో తెర మీద కనబడ్డ రోజు అన్న దుకాణంలో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

ఆ సంబరం ఒక వారం కూడా నిలవలేదు. నియమాలు అందరివీ ఒకటే అని పేరేగాని ఒక్కో సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కోలా పాటించేది. ఒకటి క్యాలెండరు చూపించేది, రాసింది తిరిగి పంపేది కాదు. ఇంకొకటి చెరిపేసిన కేసును మర్నాడు మళ్లీ లేపి కూర్చోబెట్టేది. డాక్టరుగారి ఫోన్‌లో ఒకే మనిషి పేరు మూడుసార్లు, నాలుగుసార్లు వచ్చేది, అందులో ఏ నంబరు పాతదో ఏది కొత్తదో తెలిసేది కాదు. కరెంటు పోతే దుకాణంలో పాత కంప్యూటరు ఆగిపోయేది. అది ఆగితే నాలుగు చోట్లా క్యాలెండరు ఖాళీ. డాక్టరుగారికి రావాల్సిన ఫోన్లన్నీ నాకు రావడం మొదలైంది.

"అక్కా, ఒక్క కేసు గూడ కనవడ్తలేదు."

"అక్కా, నిన్న కొట్టేసింది మల్ల వచ్చింది, జెర సూడు."

అన్నం ముందు కూర్చుంటే ఫోను. స్కూటీ మీద ఉంటే ఫోను. ఎక్కడికక్కడ వెళ్లి, ఆ కంప్యూటరు ముందు కూర్చుని, అదే పాత తప్పును మళ్లీ సరిచేసి వచ్చేదాన్ని. సాయంత్రానికి కళ్లు మండేవి. మా అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ అనేది, "నేను గూసున్నకాడ గూసోని చుడ్త. నువ్వు పొద్దంత ఊరు తిర్గుతవ్. ఏం కొలువే అది?" నేను అలాగే గోడకు చేరగిలబడి నిద్రపోయేదాన్ని.

బోధన్ నర్సింగ్ హోములో థియేటర్ చూసుకునే పెద్ద సిస్టర్ ఉండేది. యాభై దాటిన మనిషి. ఊరు ఎడపల్లి. రోజూ బస్సులో వచ్చిపోయేది. నేను సిస్టరమ్మా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. నాలుగు చోట్ల వాళ్లలో నాకు తక్కువ ఫోన్లు చేసింది ఆమే. నేర్పిన పనిని ఒక నోటుబుక్కులో తన మాటల్లో రాసుకుని, అది చూసుకుంటూ ఒక్కో మీట నొక్కేది. ఒక్కటీ తప్పేది కాదు.

చెరుకు నరికే కాలం. బోధన్‌లో కరెంటు ఒక్కసారిగా ఎక్కువై సిస్టరమ్మ కంప్యూటరు కాలిపోయింది. అన్న కొత్తది ఇచ్చి నన్ను పంపాడు. అప్పటికే ఆ రోజు మూడు చోట్ల తిరిగి ఉన్నాను. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తలా నడిచి మధ్యాహ్నం మూడింటికి చేరాను. కొత్త కంప్యూటరు తెరిచి క్యాలెండరు కలిపాను. తెర మూలన గడియారం తప్పు చూపిస్తోంది. అంకెలు మార్చి, నా చేతి గడియారంతో సరిచూసి లేచాను. ఆ గడియారం ఏ దేశపు సమయం చూపాలో చెప్పే చోటు ఇంకొకటి ఉంటుంది. అక్కడ ఇండియా అని పెట్టాలి. అది వేరే దేశం మీద ఉండిపోయింది. మిగతా మూడు చోట్లా చూశాను, ఇక్కడ చూడలేదు. బస్సుకు వేళవుతోందని చూడలేదు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం నేను ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే సిస్టరమ్మ ఫోను.

"బిడ్డా, రేపు పొద్దుగాల ఏడింటికి మాకు ఒక పిల్ల కాన్పుకు పెద్దాపరేషన్ ఉన్నది. కొత్త కంప్యూటర్ల రాసిన. ఏడింటికి సార్‌కు ఖాళీనే సూపిస్తున్నది. గని రాత్రి ఒకటిన్నరకు నిజామాబాద్‌ల సార్‌కు ఇంకో ఆపరేషన్ ఉన్నట్టు సూపిస్తున్నది. రాత్రి ఒకటిన్నరకు ఎవరు పెట్టుకుంటరు బిడ్డా?"

"ఎమర్జెన్సీ ఉంటది సిస్టరమ్మా. మీది పడ్డది గద, ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

"సార్‌కు ఒక్కసారి ఫోన్ జేద్దునా?"

"వద్దు. ఫోన్లు చెయ్యొద్దనే గద ఇదంత పెట్టింది."

"మంచిది బిడ్డా," అని పెట్టేసింది.

ఎమర్జెన్సీని ఎవరూ ముందురోజు సాయంత్రమే క్యాలెండరులో రాసుకోరు. ఆ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా తోస్తోందో అప్పుడు అంత దూరంగా ఉండిపోయింది. నాకు కావలసింది ఆ ఫోను పెట్టేయడం, అంతే.

మర్నాడు ఏడున్నరకు నేను పళ్లు తోముకుంటుంటే మళ్లీ ఆమే చేసింది. 

"బిడ్డా, సార్ ఇంక రాలే. ఫోన్ బందున్నది. ఆ పిల్లకు నొప్పులు మొదలైనయ్. మొదటి కాన్పు గూడ ఆపరేషనే, ఆగెటట్టు లేదు. నువ్వు ఆణ్నే ఉంటవ్ గద, సార్ ఏడున్నడో జెర సూడు."

స్కూటీ మీద ఖలీల్‌వాడికి వెళ్లాను. మొదటి నర్సింగ్ హోములో లేరు. రెండోదానిలో థియేటర్ బయట ఎర్రలైటు వెలుగుతోంది. ఏడింటికి మొదలైన కేసట. లోపలికి వెళ్లే నర్సు చేత కబురు పంపాను. ఆమె తిరిగొచ్చి చెప్పింది, "మధ్యల ఇడిసిపెట్టి రారాదంట. పేషెంట్ లేసేదాంక ఉండాలె. ముప్పావు గంట పడ్తదంట. ఇంకెవరన్న దొరుకుతరేమో సూడుమన్నరు."

బోధన్‌లోనే ఉన్న ఇంకో మత్తు డాక్టరు నంబరు మా ఉమ్మడి లిస్టులో ఉంది. ఆ పేరు మూడుసార్లు ఉంది. మొదటి నంబరు పనిచేయడం లేదు. రెండోది ఎవరో కిరాణా కొట్టువాళ్లు ఎత్తారు. మూడోది దొరికింది. ఆయన సెలవు పెట్టి వాళ్ల ఊరికి పోయారట. ఆ లిస్టు శుభ్రం చేయాలని ఎన్ని వారాలుగా అనుకుంటున్నానో. ఫోను పట్టుకుని ఆ వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఊరికే నిలబడటం చేతకాలేదు.

ఎనిమిదిన్నరకు డాక్టరుగారు బయటికొచ్చారు. నన్ను చూసి, "నువ్వూ ఎక్కమ్మా. నేను నడుపుతాను, నువ్వు వాళ్లతో మాట్లాడుతుండు," అని తన ఫోను నా చేతిలో పెట్టారు.

కారు దారిలోని జానకంపేట దాటేదాకా సిస్టరమ్మతో మాట్లాడుతూనే ఉన్నాను. నొప్పులు ఎంత దగ్గరగా వస్తున్నాయో ఆమె చెబుతుంటే నేను ఆయనకు చెప్పాను. ఆయన ఏమేమి సిద్ధం చేయాలో చెబితే అది ఆమెకు చెప్పాను. ముందంతా చెరుకు ట్రాక్టర్లు. ఆయన హారన్ మీద చెయ్యి తీయలేదు. ఒకచోట కాస్త దారి దొరికాక అన్నారు,

"పన్నెండున్నరకని రాసింది కదమ్మా ఆవిడ. ఇప్పుడు ఏడంటుందేంటి? ఒక్కసారి చూడు."

ఆయన ఫోన్‌లో క్యాలెండరు తెరిచాను. బోధన్, పెద్ద ఆపరేషన్, మధ్యాహ్నం పన్నెండున్నర. అదే రోజు ఉదయం ఏడింటికి ఖలీల్‌వాడి కేసు. పన్నెండున్నరలోంచి ఏడు తీసేస్తే ఐదున్నర. ఏడులోంచి ఐదున్నర తీసేస్తే రాత్రి ఒకటిన్నర. లెక్క అక్కడే కుదిరిపోయింది. సిస్టరమ్మ తెర మీద ఆమె రాసింది ఏడే. అక్కడి గడియారం తనది మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ఇంకో దేశమనుకుంది. ఇక్కడి ఫోను దాన్ని మన సమయానికి మార్చి చూపించింది. రెండు యంత్రాలూ చెప్పినట్టే చేశాయి. తప్పు చెప్పింది నేను.

"పన్నెండున్నరనే ఉంది సార్," అన్నాను.

క్యాలెండరు మూసేశాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 

తొమ్మిది దాటాక చేరాము. ఆయన మెట్ల మీద పరుగెత్తారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఆ అమ్మాయి తల్లి. చేతుల్లో పాత చీర మడత, బిడ్డను చుట్టడానికి తెచ్చుకున్నది. దాన్ని విప్పి మళ్లీ మడత పెడుతోంది. "రాత్రి సంది నా బిడ్డ నీళ్లు గూడ తాగలే," అంది నాతో. ఆపరేషన్ ముందు అంతేనమ్మా అని ఎవరైనా అంటారు. నేను బెంచీ మీద కాస్త పక్కకు జరిగి కూర్చున్నాను.

చాలాసేపటికి లోపల ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది. బిడ్డ మొదట సరిగ్గా ఊపిరి తీసుకోలేదని, రెండు రోజులు కనిపెట్టి చూడాలన్నారు. పెద్దామె ఆ చీర ముక్కను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు పైనుంచి మేడం గొంతు వినిపించింది. ఆమె ఆ నర్సింగ్ హోము పెద్ద డాక్టరమ్మ. "ఏడింటికి, పన్నెండున్నరకు తేడా తెల్వదా నీకు? ఇన్నేండ్ల సర్వీసుల ఇదేనా? ఇయ్యాల్టి నుంచి ఆ కంప్యూటర్ ముట్టకు." సిస్టరమ్మ "నేను ఏడు అనే రాసిన మేడం" అని ఒక్కసారి అంది. మళ్లీ అనలేదు. ముందురోజు సాయంత్రం నాకు ఫోను చేశానన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

ఎవరూ లేనప్పుడు వెళ్లి ఆ కంప్యూటరులో దేశం మార్చాను. ఒక్క నిమిషం పని. బస్సెక్కి వచ్చేశాను.

దుకాణంలో అన్నకు జరిగింది చెప్పాను. అన్న తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవ్వరికి చెప్పకు. మంచిగనే ఐపోయింది గద. నువ్వు చెప్తే నాలుగు దవాఖానలు మన చేతుల్నుంచి పోతయ్."

"సిస్టరమ్మను తిడుతున్నరన్నా."

"నాలుగు దినాలు తిట్టి మర్చిపోతరు."

మూడు రోజులు చెప్పలేదు. ఆ మూడు రోజులూ మామూలుగానే తిరిగాను. ఫోన్లు వచ్చాయి, వెళ్లాను, సరిచేశాను. ఉమ్మడి లిస్టు ముందు కూర్చుని పాత నంబర్లన్నీ ఏరేశాను. రాత్రి పడుకుంటే నిద్ర వచ్చేది. అంతగా అలసిపోయేదాన్ని. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

నాలుగో రోజు పొద్దున దుకాణానికి వెళ్లకుండా బోధన్ బస్సెక్కాను. నేరుగా మేడం గదిలోకి వెళ్లి నిలబడే చెప్పాను. గడియారం సంగతి, ముందురోజు సాయంత్రం వచ్చిన ఫోను సంగతి, సార్‌కు ఫోన్ చేయవద్దని నేనే అన్న సంగతి. ఆమె చేతిలోని కలం కింద పెట్టింది.

"ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డ మేడం."

"ఆ పిల్లకు ఏమన్న అయ్యుంటే?"

 ఆమె బెల్లు కొట్టి సిస్టరమ్మను పిలిపించింది. నా ముందే, "నీ తప్పు లేదంట, ఈ అమ్మాయి చెప్తున్నది. నేనే తొందరపడ్డ," అంది. క్షమించమన్నంత మాట కాదు గానీ ఆ మనిషికి అదే ఎక్కువ. సిస్టరమ్మ తలూపి బయటికి వచ్చింది. నేను వెనకాలే వెళ్లాను.

"ఆ సాయంత్రం ఫోన్ సంగతి గూడ చెప్పినవా?" అని అడిగింది.

"చెప్పిన."

"నేనైతే చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు సిస్టరమ్మా?"

"చెప్తే నీ కొలువు పోతుండె. నాకైతే తిట్లే గద, పడ్డ." వార్డు వైపు నడుస్తూ అంది, "గని నువ్వు వస్తవేమోనని మూడు దినాలు తొవ్వ సూసిన బిడ్డా. నిన్నటితోని సూసుడు ఇడిసిపెట్టిన."

వార్డులోకి తీసుకెళ్లి ఆ అమ్మాయిని చూపించింది. బిడ్డ తల్లి పక్కన ఉంది, పాలు తాగుతోందట. "ఎవరీమె?" అని పెద్దామె అడిగితే, "మా కంప్యూటర్లు సూసే పిల్ల," అంది సిస్టరమ్మ. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. ఆమెకు చెప్పాలనే లోపలికి వెళ్లాను. చెప్పలేకపోయాను. బిడ్డ బాగుందని మాత్రం అని వచ్చేశాను. ఆ మాట ఈనాటికీ నాలోనే ఉండిపోయింది.

సాయంత్రం డాక్టరుగారిని కలిసి ఆయనకూ చెప్పాను. ఆయన అప్పుడే ఒక కేసు ముగించి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కళ్లు తెరవకుండానే విన్నారు.

"పన్నెండున్నర అని చూసినప్పుడే నాకు అనుమానం రావాలమ్మా. ఆ మేడం మధ్యాహ్నం ఎప్పుడూ పెట్టుకోరు. చూశాను, సరేలే అనుకున్నాను. ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేది." తర్వాత అన్నారు, "దీన్ని తీసేయొద్దు. కానీ రోజూ సాయంత్రం నలుగురూ నాకు ఫోన్ చేసి రేపటి టైములు నోటితో చెప్పాలి. నేనూ తిరిగి చెప్తాను."

ఆయన వద్దనుకున్న ఫోన్లు ఆయనకు మళ్లీ వచ్చాయి. నాకు వచ్చేవీ తగ్గలేదు. ఒక్క నర్సింగ్ హోము కూడా మా దుకాణాన్ని వదల్లేదు. అన్న మాత్రం నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు, తర్వాత మామూలైపోయాడు. ఎక్కడ కొత్త కంప్యూటరు పెట్టినా ముందు దేశం చూసి, ఒక దొంగ కేసు రాసి, అది డాక్టరుగారి ఫోన్‌లో ఏ సమయానికి కనబడుతోందో అడిగి, దాన్ని చెరిపి వచ్చేదాన్ని. ఒక్కోసారి ఆ దొంగ కేసు మర్నాడు మళ్లీ లేచి కూర్చునేది. దాన్ని చెరపడానికి మళ్లీ వెళ్లేదాన్ని.

ఇంకో రెండేళ్లు అలాగే నడిచింది. నడుం నొప్పి వచ్చి డాక్టరుగారు తిరగడం మానేసి ఒక్కచోటనే ఉండిపోయారు. ఒక్కచోట ఉండే మనిషికి నాలుగు చోట్ల కనబడే క్యాలెండరు అక్కర్లేదు. ఒక్కో నర్సింగ్ హోముకూ వెళ్లి దాన్ని తీసేశాను. బోధన్ ఆఖరున వెళ్లాను. సిస్టరమ్మ అప్పటికి కొలువు మానేసి ఎడపల్లిలోనే ఉంటోందన్నారు. ఆమె కుర్చీలో ఉన్న కొత్త నర్సు, "ఇదేంది మేడం, ఎప్పుడు ఖాళీనే ఉంటది?" అని అడిగింది. ఇప్పుడు పని లేదమ్మా, తీసేస్తున్నా అన్నాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

బస్టాండుకు నడిచి వచ్చి చాయ తాగాను. నా ఫోను మోగలేదు, తొందరేమీ లేదు. నిజామాబాద్ బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. మూడోదానిలో కిటికీ పక్కన సీటు దొరికింది.